ఏ శాఖలో పరిశోధన చేయమంటారు, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. పీహెచ్‌డీ చేయాలని ఉంది గానీ ఏ శాఖలో అన్న దగ్గరే ఆగిపోయాను. పొద్దున ఫోన్ తీస్తే క్వాంటమ్ కంప్యూటర్, మధ్యాహ్నానికి ఏదో కొత్త పదార్థం, సాయంత్రం ప్రోటీన్ల ఆకారం చెప్పే ఏఐ, పడుకునే ముందు వాతావరణ మోడల్. చదువుతున్నంతసేపూ ఇదే నా దారి అనిపిస్తుంది. తెల్లారేసరికి ఇంకోటి. డిగ్రీలో ఉండగా గది ఉష్ణోగ్రతలోనే నిరోధం లేకుండా కరెంటును పోనిచ్చే సూపర్‌కండక్టర్ దొరికిందని క్లాసంతా గోల చేశాం. నెల తిరక్కుండానే కాదన్నారు. అప్పట్నుంచి ఏది నమ్మాలో కూడా తెలియడం లేదు.

ఇప్పుడు ప్రాజెక్టులో ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడు కలిసిన అయస్కాంత పదార్థం) పెల్లెట్లు, అంటే బిళ్లలు, చేస్తున్నాం. ఒక పెల్లెట్‌కు డైఎలెక్ట్రిక్ విలువ (విద్యుత్తును ఎంత నిల్వ చేయగలదో చెప్పే అంకె) మిగతావాటితో పొంతన లేకుండా వచ్చింది. దాన్ని వదిలేద్దామంది నా పార్ట్‌నర్. నాకు మనసొప్పలేదు. తీగలు మార్చి చూశాను, పెల్లెట్ తిరగేసి చూశాను, చివరికి భూతద్దం పెట్టి చూస్తే ఒక పక్క పూసిన సిల్వర్ పేస్టు అంచున సన్నగా పగిలి ఉంది. మళ్లీ పూస్తే విలువ దారికొచ్చింది. ఇదేమంత పెద్ద విషయం కాదు గానీ ఆ సాయంత్రం చాలా హాయిగా అనిపించింది.

నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేస్తారు. "అయిదేళ్లు సదివి బయటికొచ్చీసరికి ఆ పనేదో కంప్యూటరే సేసేస్తాది, ఇప్పుడే ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సులో సేరమ్మా" అంటున్నారు. ఆయన మాట కొట్టిపారేయలేకపోతున్నాను. ఇంకొకటి. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. మేం అప్పుడు పెదవాల్తేరులో ఉండేవాళ్లం. మధ్యలో కాసేపు గాలి ఆగిపోతే అందరం వీధిలోకి వచ్చేశాం. తాతయ్య మాత్రం "లోపలికి రండర్రా, ఇంకా సగమే అయింది" అని కేకలేశాడు. అదెలా అని అప్పట్నుంచీ నాకు వాతావరణం మీద గురి. ఇన్నిట్లో దేన్ని పట్టుకోమంటారు? — పేరు వద్దు, గాజువాక

జవాబు: అమ్మా, నాలుగు శాస్త్రాల వార్తలకు కలిపి నువ్వు ఒక వాక్యం రాశావు. సిల్వర్ పేస్టుకు ఒక పేరా రాశావు. అందుకే నేనూ అక్కణ్నుంచే మొదలుపెడతాను.

ఏళ్ల తరబడి జరిగిన పనిలో ఆఖరి రోజే వార్తల్లోకి వస్తుంది. నువ్వు చేరబోయేది మిగతా రోజుల్లోకి. కాబట్టి ఏ శాఖ గొప్పది అని అడక్కు. వార్త ఏమీ లేని ఒక మామూలు మంగళవారం నాడు ఆ శాఖలో ఏం చేస్తుంటారు, ఆ పని చేస్తే నాకు విసుగొస్తుందా, సాయంత్రానికి హాయిగా ఉంటుందా అని అడుగు. ఆ లెక్కన నాలుగూ చూద్దాం. నాలుగింటికీ సమానంగా చోటివ్వను. నీకు దగ్గరగా ఉన్నవాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

క్వాంటమ్ సంగతి ముందు తేల్చేద్దాం. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని 2025లో ప్రకటించినప్పట్నుంచి మన దగ్గర ఆ మాట లేకుండా కాలేజీ సెమినార్ జరగడం లేదు. అదే ఏడాది ఫిజిక్స్ నోబెల్ జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు వచ్చింది. బహుమతి 2025లో వచ్చింది గానీ ప్రయోగాలు 1984, 85 నాటివి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చేసినవి. మార్టినిస్ అప్పుడు పీహెచ్‌డీ విద్యార్థి. రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పల్చటి ఇన్సులేటర్ పొర ఉన్న సర్క్యూట్ అది. అందులో కోట్లాది ఎలక్ట్రాన్ జంటలు ఒక్కటిగా కదులుతాయి. అంత పెద్ద వ్యవస్థ కూడా ఒంటరి కణం లాగే అడ్డుగోడను టన్నెలింగ్‌తో, అంటే గోడ ఎక్కకుండా అందులోంచే, దాటుతుందని వాళ్లు చూపించారు.

సిద్ధాంతం అప్పటికే ఉంది. తిప్పలన్నీ రొదతో వచ్చాయి. గదిలో తిరిగే మైక్రోవేవ్ తరంగాలు తీగల వెంట కిందికి దిగి సర్క్యూట్‌ను కదిపేస్తాయి. కదిలింది క్వాంటమ్ వల్లనా, ఈ రొద వల్లనా అన్నది తేలకపోతే ప్రయోగానికి అర్థం లేదు. అందుకని లోహపు గొట్టంలో రాగి పొడి కూరి, చుట్టలు చుట్టిన తీగను ఆ పొడిలోంచి పోనిచ్చి, రొదను పొడే మింగేసేలా ఫిల్టర్లు తయారుచేసుకున్నారు. ఈ పద్ధతిని తర్వాత ఎన్నో ల్యాబులు వాడుకున్నాయి. పోస్టరు మీద క్వాంటమ్ అని ఉంటుంది, బల్ల మీద మాత్రం రాగి పొడి ఉంటుంది. ఆ రాగి పొడి భాగం చదివినప్పుడు నీకు ఉత్సాహం వస్తే అటు వెళ్లు. అమరావతిలో ఉద్యోగాలు వస్తాయట అన్న మాట విని మాత్రం వెళ్లకు.

ఇక నిన్ను అప్పట్లో నిరాశపరిచిన సూపర్‌కండక్టర్. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది నీ పెల్లెట్ కథే. 2023 జూలైలో దక్షిణ కొరియా బృందం ఎల్‌కే-99 అనే పదార్థం గురించి ప్రకటించింది. సీసం, ఫాస్పేటు ఉన్న అపటైట్ అనే ఖనిజంలో కొన్ని సీసం పరమాణువుల బదులు రాగి చేర్చారు. గాలి తీసేసి మూతి అతికిన గొట్టంలో 925 డిగ్రీల దగ్గర కాల్చారు. సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోయింది. అయస్కాంతం మీద ఒక ముక్క సగం పైకి లేచి నిలబడిన వీడియో కూడా పెట్టారు. ప్రపంచమంతా ఊగిపోయింది.

నెల తిరక్కుండా ఏం జరిగిందో నీకు క్లాసులో సరిగ్గా చెప్పి ఉండరు. ఎందుకు కాదో తెలియకపోతే "కాదన్నారు" అన్న ముక్క వల్ల ఉపయోగం లేదు. ఆ తయారీలో కాపర్ సల్ఫైడ్ అనే మలినం కూడా పుడుతుంది. దానికి ఒక గుణం ఉంది. 104 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారిపోయి నిరోధం అమాంతం తగ్గుతుంది. రసాయన శాస్త్రవేత్తలకు ఇది ముందే తెలిసిన సంగతి. ఆ ఉష్ణోగ్రత అంకె చూడగానే అమెరికాలో ఒక రసాయన శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లు కూడా ఆ పదార్థాన్ని తయారుచేసి చూశారు, సూపర్‌కండక్టివిటీ కనబడలేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు మలినం లేకుండా ఒంటి స్ఫటికాలు పెంచారు. ఊదారంగులో పారదర్శకంగా వచ్చాయి. సూపర్‌కండక్టర్ మాట అటుంచి, కరెంటునే పోనివ్వని ఇన్సులేటర్ అని తేలింది. వీడియోలో ముక్క లేవడానికి మామూలు అయస్కాంత గుణమే చాలు.

దీన్ని చాలామంది సైన్సుకు పరువు తక్కువ అన్నట్టు మాట్లాడారు. నాకు అలా అనిపించలేదు. ఎవరో ఒకరు చెప్పారు, నాలుగు దేశాల వాళ్లు బట్టీలు వెలిగించారు, వారాల్లో తేల్చేశారు. ఇంత బాగా పనిచేసే వ్యవస్థ మన చుట్టూ ఇంకేం ఉంది? అసలు పని ఆ తేల్చడంలోనే ఉంది. పొంతన లేని విలువను వదిలేయకుండా పేస్టు పగులు దాకా వెళ్లిన నువ్వు చేసిందీ అదే జాతి పని. చిన్న విషయం అని రాశావు. పదార్థ విజ్ఞానంలో ఇదే పెద్ద విషయం.

ఈ మధ్య ఆ శాఖకు కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది, అది కూడా తెలుసుకో. 2023 నవంబరులో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు ఏఐతో 22 లక్షల స్ఫటిక నిర్మాణాలను ఊహించామనీ, వాటిలో 3,80,000 స్థిరంగా ఉంటాయనీ ప్రకటించారు. అప్పటిదాకా మనిషికి తెలిసిన స్థిరమైన స్ఫటికాలు 48,000 అని వాళ్ల లెక్క. అదే రోజు బర్క్‌లీలోని రోబో ప్రయోగశాల 17 రోజుల్లో 41 కొత్త పదార్థాలు తయారుచేసిందని ఇంకో పత్రం వచ్చింది. తర్వాత ఇతర రసాయన శాస్త్రవేత్తలు ఆ రోబో తీసిన ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పటాలను (స్ఫటికం లోపలి అమరికను చెప్పే పటాలు) మళ్లీ కూర్చుని చూశారు. అందులో కొత్త పదార్థం అనదగినది ఒక్కటీ కనబడలేదని రాశారు. చాలావాటిలో జరిగింది ఇది: రెండు లోహాల పరమాణువులు ఒక వరసలో కూర్చుంటాయని కంప్యూటరు లెక్క ఊహించింది. నిజంగా తయారైన దాంట్లో అవి కలగాపులగంగా కూర్చున్నాయి. అలా కలిసిపోయినవి మనకు ముందే తెలిసిన పదార్థాలు. ఎక్స్‌రే పటంలో ఆ తేడా చిన్న చిన్న శిఖరాల దగ్గర తెలుస్తుంది, చూసే కన్ను ఉండాలి. రోబో కంప్యూటరు పెద్ద శిఖరాలు సరిపోయాయని టిక్కు పెట్టేసింది.

పోనీ నిదానంగా నడిచిన పని ఎలా ఉంటుందంటావా? 2025 కెమిస్ట్రీ నోబెల్ చూడు. లోహపు అయాన్లను కార్బన్ ఉన్న పొడవాటి అణువులతో కలిపి లోపల బోలుగా ఉండే స్ఫటికాలు కట్టినందుకు రాబ్సన్, కిటగావా, యాఘీలకు ఇచ్చారు. రిచర్డ్ రాబ్సన్ మెల్‌బోర్న్‌లో పాఠాలు చెప్పే మాస్టారు. 1974లో విద్యార్థులకు అణు నిర్మాణాలు చూపించడానికి చెక్క బంతులకు రంధ్రాలు వేయించాల్సి వచ్చింది. ఎక్కడెక్కడ రంధ్రం వేయాలో గుర్తులు పెడుతుండగా, ఆ రంధ్రాల చోట్లే నిర్మాణం మొత్తాన్ని నిర్ణయిస్తాయని తట్టింది. మొదటి పత్రం 1989లో గానీ రాలేదు. నీకు మెటీరియల్స్ నచ్చితే ఈ వేగానికి సిద్ధపడి వెళ్లు. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ అనే పదార్థ పరిశోధన సంస్థలు ఉన్నాయి, మనకు దూరమేం కాదు.

జీవశాస్త్రం గురించి పొట్టిగానే చెబుతాను, నీ ఉత్తరంలో దాని మీద పేరు తప్ప ఇంకేం లేదు. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలు ఊహించి ఇచ్చింది. 2024లో దాన్ని తయారుచేసినవాళ్లకు నోబెల్ కూడా వచ్చింది. అది నేర్చుకున్నది ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి. ఆ బ్యాంకు 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైంది. తర్వాత యాభై ఏళ్ల పాటు వేలమంది ఒక్కో ప్రోటీన్‌ను స్ఫటికంగా పెంచి, ఎక్స్‌రే తీసి, లెక్కగట్టి అందులో వేస్తూ పోయారు. అలా చేరిన సుమారు 1,70,000 నిర్మాణాలు లేకపోతే ఆల్ఫాఫోల్డ్ లేదు. ఒక నిర్మాణం సరిగ్గా ఉందా లేదా అని ఇవాళ్టికీ చూసే పటం, ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలితిరగగలదో చెప్పేది, మన జి.ఎన్. రామచంద్రన్ 1963లో మద్రాసులో ఇచ్చినది. ఆయన చదివింది ఫిజిక్స్, సి.వి. రామన్ శిష్యుడు. కాబట్టి ఫిజిక్స్ చదివితే జీవశాస్త్రంలోకి వెళ్లకూడదనేం లేదు. అయితే అక్కడి మంగళవారం అంటే కణాల పెంపకానికి ఫంగస్ పట్టి వారం పని పోవడం, చలి గదిలో స్వెట్టరు వేసుకుని గంటలు నిలబడటం. అది నీకు ఇష్టమేనా అన్నది ఎవరైనా ల్యాబులో రెండు నెలలు చేస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు మీ తాతయ్య కేక దగ్గరికి వద్దాం. తుపాను గాలి కేంద్రం చుట్టూ తిరుగుతుంది. సరిగ్గా కేంద్రం మీద, కన్ను అంటామే, అక్కడ గాలి ఉండదు. కన్ను ఊరి మీదుగా పోతుంటే మొదట ఒక పక్కనుంచి గాలి కొడుతుంది, తర్వాత నిశ్శబ్దం, ఆ వెంటనే ఎదురు దిక్కునుంచి అంతే గాలి. మొదటి గాలికి వంగిన చెట్టు రెండో గాలికి విరుగుతుంది. మన తీరంలో పెద్దవాళ్లకు ఇది మోడల్ లేకుండానే తెలుసు.

2014 అక్టోబరు 12న మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్స్, గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా అని వాతావరణ శాఖ అంచనా. ఆ గాలికి మన డాప్లర్ రాడార్ కూడా మూగబోయింది. ఏ గంటల్లో కొలత బాగా కావాలో ఆ గంటల్లోనే కొలత లేకుండా పోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

ఇప్పుడు వార్తల్లో వచ్చే ఏఐ వాతావరణ మోడళ్లు, గ్రాఫ్‌కాస్ట్ లాంటివి, నిజంగా గొప్పవే. నేనేమీ తక్కువ చేయను. గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల సూచనను ఒక్క చిప్పు మీద నిమిషం లోపు ఇచ్చేస్తుంది. 2023లో వచ్చిన పత్రంలో, యూరప్ వాళ్ల పేరున్న మోడల్‌తో 1,380 కొలమానాల మీద పోల్చి, 90 శాతం వాటిలో తనదే పైచేయి అని చూపించింది. ఆ మోడల్‌ను నడిపే యూరప్ వాతావరణ సూచనల కేంద్రం తన సొంత ఏఐ మోడల్‌ను 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ సూచనల్లోకి తెచ్చేసింది కూడా. తుపాను ఎటు వెళ్తుందో ఇవి బాగా పట్టుకుంటున్నాయి. ఎంత బలంగా కొడుతుందన్న దగ్గర మాత్రం తక్కువ చెబుతున్నాయి.

ఎందుకో చూడు. గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది ఎరా-5 అనే డేటా మీద, 1979 నుంచి 2017 దాకా. ఎరా-5 అంటే పాత కొలతలన్నిటినీ ఒక మోడల్‌తో కలిపి, భూమినంతా సుమారు 31 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, గంట గంటకూ వాతావరణం ఎలా ఉండి ఉంటుందో తిరిగి కట్టిన రికార్డు. తుపానులో అసలు బలమంతా కన్ను చుట్టూ ఉండే కొద్ది పదుల కిలోమీటర్ల వలయంలో ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఎవర్నడిగినా చెబుతారు, వలకన్ను పెద్దదైతే చేప జారిపోతుందని. 31 కిలోమీటర్ల గడిలోంచి తుపాను బలం అలాగే జారిపోతుంది. ఏఐ దాన్నే చూసి నేర్చుకుంది, కాబట్టి ఆ లోటు దానికీ వచ్చింది.

నా మాట నమ్మనక్కర్లేదు, నువ్వే చూడొచ్చు. యూరప్ వాళ్ల కోపర్నికస్ డేటా స్టోర్‌లో ఖాతా ఉచితం. ఎరా-5లో 2014 అక్టోబరు 10 నుంచి 13 దాకా బంగాళాఖాతం మీద సముద్రమట్టపు పీడనం దించుకో. పైథాన్‌లో ఎక్స్‌-అర్రే (xarray) అనే లైబ్రరీ ఉంది, దాంతో పటాలు గీయి. ప్రతి గంటకూ అతి తక్కువ పీడనం ఎక్కడ ఉందో, ఎంత ఉందో పట్టిక వేయి. వాతావరణ శాఖ అచ్చువేసిన తుపాను దారిని దాని పక్కన పెట్టు. దారి చాలావరకు కలుస్తుంది. పీడనం దగ్గర ఎరా-5 గీత, వాతావరణ శాఖ గీత ఎలా విడిపోతాయో చూడు. ఆ తేడా ఎందుకు, ఎంత, ఎక్కడ మొదలైంది అని అక్కడే కూర్చోబుద్ధి అయిందనుకో, నీ శాఖ నీకు దొరికినట్టే. బోర్ కొట్టి మూసేశావనుకో, హుద్‌హుద్ మీద నీకున్నది చిన్ననాటి గురి మాత్రమే, దానితో పీహెచ్‌డీ నడవదు.

మోడల్ అంటే రేపటి వాన ఒక్కటే కాదు, వందేళ్ల వాతావరణం కూడా. స్యుకురో మనాబే 1967లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని లెక్కగట్టాడు. 2021లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం) ఇచ్చిన ఉత్తమ అంచనా 3 డిగ్రీలు, 2.5 నుంచి 4 మధ్య ఉండొచ్చని. మనాబేకు అదే ఏడాది ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. సూపర్ కంప్యూటర్లు ఎన్ని మారినా ఆ 2.5కూ 4కూ మధ్య ఖాళీ ఇంకా మిగిలి ఉండటానికి పెద్ద కారణం మేఘాలు. వేడెక్కిన లోకంలో ఏ ఎత్తు మేఘం పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్నది మోడల్‌కో రకంగా ఉంటుంది. పాత డేటా చూసి నేర్చుకునే ఏఐకి ఇక్కడ ఇంకో చిక్కు. పరిశ్రమల యుగానికి ముందుతో పోలిస్తే భూమి వేడి సగటున 1.5 డిగ్రీలకు మించి పెరిగిన మొదటి క్యాలెండర్ ఏడాది 2024. 2017తో పాఠం ఆపేసిన మోడల్ అలాంటి ఏడాదిని చూడనే లేదు. అందుకే ఇప్పుడు కొందరు ఫిజిక్స్ సమీకరణాలను ఉంచి, మేఘాల లాంటి చిన్న భాగాలకు మాత్రం ఏఐని వాడుతున్నారు. ఆ కలగలుపు పని చేయడానికి ఫిజిక్స్ చదివినవాళ్లే కావాలి.

మన దగ్గర 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది, అంతకు ముందు 12 ఉండేది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) వాళ్లు చేసింది. గడి చిన్నదైనా బంగాళాఖాతపు నీరు తెలియకపోతే తుపాను లెక్క తప్పుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీరు సముద్రం మీద తేలికగా పరుచుకుంటుంది. వానాకాలం అయ్యాక అందులో కొంత మన తీరం వెంబడే దక్షిణానికి పారుతుంది. ఆ పొర ఉంటే గాలి ఎంత కలిపినా కిందనున్న చల్లటి నీరు పైకి రాదు, తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది. ఉప్పదనం ఎంత, పొర ఎంత మందం అన్నది పడవ వేసుకుని వెళ్లో, తేలే పరికరాలు వదిలో కొలవాల్సిందే. విశాఖకు ఇది కొత్త పని కాదు. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి తీరంలో అడుగునీరు పైకి ఉబికి రావడాన్ని మన విద్యార్థులతో కలిసి కొలిచాడు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన భయం తప్పు కాదు, ముఖ్యంగా ఊరికి గూగుల్ డేటా సెంటర్ వస్తుందన్న ప్రకటన తర్వాత. ఊరంతా అదే మాట. కానీ ఇంతవరకూ చెప్పిన మూడు ఏఐలనూ చూడు. ఆల్ఫాఫోల్డ్ వెనక యాభై ఏళ్ల స్ఫటికాలు, గ్రాఫ్‌కాస్ట్ వెనక ఎరా-5, పదార్థాల ఏఐ వెనక అంతకు ముందు ఎవరెవరో కొలిచి, లెక్కగట్టి దాచిన పట్టికలు. కంప్యూటరు ఊహించే పని లాగేసుకుంటోంది, నిజమే. కొలిచే పని, ఆ కొలత సరైనదో కాదో పట్టుకునే పని దానికి ఇంకా చేతకాదు. రాడార్ మూగబోయిన గంటల్లో గాలి ఎంతో ఏ ఏఐ చెప్పినా అది ఊహే. కాబట్టి ఏ శాఖలోకి వెళ్లినా కొలతకు దగ్గరగా నిలబడు. కోడింగు నేర్చుకోకు అనడం లేదు, బాగా నేర్చుకో, అది లేకుండా ఇవాళ నాలుగింటిలో ఏదీ సాగదు. అది ఒక్కటే నీ పనైతే మాత్రం మీ నాన్నగారు చెప్పినట్టే అవుతుంది.

లెక్కలు కూడా కాస్త గట్టిగా చదువు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో, పాతికేళ్ల కుర్రాడిగా, ఒక డేటా నుంచి ఏ అంచనానైనా ఇంతకు మించి కచ్చితంగా తీయలేం అనే హద్దు ఒకటి నిరూపించాడు. క్వాంటమ్ సెన్సర్ల వాళ్లు ఇవాళ అదే హద్దుకు తమ రూపం రాసుకుని వాడుతున్నారు. ఒక్క విశాఖ క్లాసురూము నుంచి ఎంత దూరం వెళ్లిందో చూడు. ఎవరూ ఆ సంగతి పోస్టరు మీద వేయరెందుకో.

నన్నడిగితే నీకు రెండే దారులు మిగిలాయి: పదార్థాలు, లేదా బంగాళాఖాతాన్ని కొలిచి మోడళ్ల తప్పులు పట్టే పని. నా మొగ్గు రెండోదాని వైపు. ఫెర్రైట్లు చేసేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. ఈ తీరాన పుట్టి, ఫిజిక్స్ వచ్చి, విడ్డూరమైన విలువను వదలని మనిషి సముద్రం వైపు తక్కువగా వెళ్తారు. అయినా నేను చెప్పానని వెళ్లకు. లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఏయూలో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం ఉంది. వెళ్లి ప్రొఫెసర్లను తర్వాత కలువు. ముందు నాలుగో ఏడో, ఐదో ఏడో చదువుతున్న స్కాలర్‌ను పట్టుకుని టీ ఇప్పించి, "కిందటి మంగళవారం మీరేం చేశారు?" అని అడుగు. "పీహెచ్‌డీ ఎలా ఉంది?" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. మంగళవారం అడిగితే నిజం చెబుతారు. గైడు దొరుకుతారా, నౌక మీదకు అమ్మాయిలను పంపుతారా, డేటా ఎవరి చేతిలో ఉంటుంది, ఇవన్నీ వాళ్లకే తెలుసు.

డబ్బు సంగతి నాన్నగారికి నువ్వే చెప్పు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం వేరే. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. నెలనెలా ఒకటో తారీఖున పడిపోతుందని మాత్రం మాటివ్వకు, నెలలు ఆగి ఒకేసారి పడటం స్కాలర్లందరికీ అనుభవమే. మొదట్లో చేతిలో కొంత ఉండాలి.

నెట్ జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఫిజికల్ సైన్సెస్ పేపరే రాయి. నీకు వచ్చిన సబ్జెక్టు అదే, వాతావరణ పరిశోధన సంస్థలు ఫిజిక్స్ వాళ్లను తీసుకుంటాయి. దానితో పాటు గేట్ కూడా రాసి ఉంచు, బెంగళూరు ఐఐఎస్సీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల కేంద్రం ఇంటర్వ్యూకు పిలవడానికి పనికొస్తుంది. హుద్‌హుద్ పటాలు గీసుకున్నావంటే ఆ ఇంటర్వ్యూకు ప్రింటు తీసుకెళ్లు. రెండు గీతలు విడిపోయిన చోటే వాళ్లు ప్రశ్నలు అడుగుతారు.